ఎక్కడమే గానీ దిగడం లేని బట్ట: సినగాగు వస్త్రాల వెనకున్న లెక్క

సంక్షిప్తంగా: యూదుల ప్రార్థనా మందిరమైన సినగాగులో వాడే కుట్టుపని వస్త్రాలు మ్యూజియం అద్దాల వెనక అలంకరణ సామగ్రిలా కనిపిస్తాయి. యూదు ధర్మశాస్త్రంలో మాత్రం వీటిలో కొన్నింటి స్థానం మందిరం కట్టడం కన్నా పైన ఉంటుంది. పవిత్ర గ్రంథమైన తోరా చుట్టను తాకడం వల్ల ఆ స్థానం వస్తుంది. ముందుగా షరతు పెట్టుకుంటే తప్ప దాన్ని తిరిగి తీసేయడానికి వీలుండదు. పెళ్లి దుస్తులు తెరలుగా మారడానికీ, పాతబడినవి మట్టిలో కలిసిపోవడానికీ, మిగిలినవి మ్యూజియంలకు చిక్కుప్రశ్నగా మారడానికీ మూలం ఈ నియమమే.

పేర్ల దగ్గరే మొదలయ్యే గందరగోళం

తెలుగు బైబిలు చదివినవారికి సినగాగు ‘సమాజమందిరము’గా పరిచయం. అందులో యెరూషలేము దిక్కుకు ఒక బీరువా ఉంటుంది. తోలుపత్రం మీద చేత్తో రాసిన తోరా చుట్టలను, అంటే మోషే ఐదు కాండాలను, అందులో భద్రపరుస్తారు. ఆ బీరువా ముందు వేలాడే తెర పేరు పరోఖెత్. నిర్గమకాండం 26వ అధ్యాయంలో నీల, ధూమ్ర, రక్తవర్ణాలతో, కెరూబుల బొమ్మలతో చేయమన్న ‘అడ్డతెర’కు హీబ్రూలో ఇదే పేరు. నిజానికి ఆలయం కట్టక ముందు ఆరాధనకు వాడిన గుడారంలోని ఆ తెర పరిశుద్ధ స్థలాన్ని అతిపరిశుద్ధ స్థలం నుంచి వేరుచేసేది. యెరూషలేము ఆలయం క్రీ.శ. 70లో నాశనమయ్యాక తెర పోయినా పేరు నిలిచింది, సినగాగు బీరువా ముందుకు వచ్చి చేరింది.

మిగిలిన పేర్లదీ అదే దారి. తెర పైభాగాన కట్టే పొట్టి జాలరు గుడ్డను కప్పోరెత్ అంటారు. మందసం మీద ఉండే ‘కరుణాపీఠము’కు హీబ్రూలో ఇదే మాట. మధ్య, తూర్పు ఐరోపాలో 18వ శతాబ్దం నాటికి ఇది బాగా వ్యాపించింది. చుట్టకు తొడిగే ముసుగు మెయీల్. ఇది ప్రధాన యాజకుడి ‘నిలువుటంగీ’ పేరే. ఆ అంగీ అంచున బంగారు గంటలు, దానిమ్మ కాయలు వేలాడాలని నిర్గమకాండం చెబుతుంది. తోరా చుట్ట కర్రల కొనలకు తగిలించే గంటల వెండి తొడుగులను ఇప్పటికీ రిమ్మోనిమ్, అంటే దానిమ్మలు అనే పిలుస్తారు. ముసుగు కింద చుట్ట విడిపోకుండా బిగించి కట్టే పొడవాటి పట్టీ ఒకటి ఉంటుంది. దాని పేర్లలో ఒకటైన అవ్‌నెత్ యాజకుడి ‘దట్టి’దే. ఆలయం పోయి, యాజకుడి సేవ ఆగిపోయాక అతని దుస్తులన్నీ గ్రంథానికి తొడిగారన్నమాట. పేర్లను వరుసగా పెట్టి చూస్తే గానీ ఈ సంగతి తెలియదు.

తాకితే ఎక్కే మెట్టు

క్రీ.శ. 200 ప్రాంతంలో కూర్చిన మిష్నా అనే ధర్మసంహితలో ఒక అమ్మకాల వరుస ఉంది. ఊరి రచ్చ స్థలాన్ని అమ్మితే ఆ డబ్బుతో సినగాగు కొనవచ్చు. సినగాగును అమ్మి గ్రంథపు బీరువా, బీరువాను అమ్మి గ్రంథాల చుట్టుగుడ్డలు, చుట్టుగుడ్డలను అమ్మి ఇతర లేఖన గ్రంథాలు, వాటిని అమ్మి తోరా కొనవచ్చు. వెనక్కి మాత్రం రాకూడదు. గుడ్డలు అమ్మిన డబ్బుతో బీరువా కొనకూడదు, బీరువా అమ్మిన డబ్బుతో మందిరం కట్టకూడదు. గోడలూ పైకప్పూ ఉన్న కట్టడం కన్నా గుడ్డ రెండు మెట్లు పైన ఉంది. గ్రంథానికి ఎంత దగ్గరగా ఉంటే అంత పవిత్రం అన్నదే ఇక్కడి కొలత. ఖరీదుకూ పరిమాణానికీ ఇందులో చోటు లేదు.

మరి బీరువా ముందు వేలాడే తెర సంగతేమిటి? అది గ్రంథాన్ని తాకదు కదా? నాలుగో శతాబ్దపు బాబిలోనియా పండితుడు రావా ఈ ప్రశ్నకు రెండు జవాబులు చెప్పినట్టు మిష్నా మీది చర్చల సంకలనమైన తాల్ముద్‌లో ఉంది. మొదట ఆయన దాన్ని పవిత్ర వస్తువుకు ఉపకరణంగా ఉన్న మరో వస్తువుకు ఉపకరణంగా, అంటే ఒక మెట్టు కిందిదిగా లెక్కించాడు. తర్వాత జనం ఆ తెరను మడిచి దాని మీద తోరాను పెట్టడం చూశాడు. చూసి అభిప్రాయం మార్చుకుని, అదీ పవిత్ర ఉపకరణమే అన్నాడు. పన్నెండు శతాబ్దాల తర్వాత పోలెండ్‌లోని క్రాకోలో మోషే ఇస్సెర్లెస్ అనే ధర్మశాస్త్ర పండితుడు అదే తర్కాన్ని తిరగేశాడు. తమ కాలపు తెర ఊరికే వేలాడుతుంది, దాని మీద తోరాను పెట్టరు కాబట్టి దానికి మందిరానికున్నంత పవిత్రతే ఉంటుందన్నాడు. నియమం మారలేదు, వాడుక మారింది.

తెలుగు నేల మీది ఆలయ సంప్రదాయంతో పోల్చితే ఇక్కడి తేడా స్పష్టంగా తెలుస్తుంది. దేవుడికి కట్టిన వస్త్రం శేషవస్త్రంగా భక్తుడి భుజం మీదికి వస్తుంది. అలా రావడమే గౌరవం. తిరుమలలో భక్తులు సమర్పించిన వస్త్రాలను వేలం వేస్తారు కూడా. పవిత్రత అక్కడ ప్రసాదంలా కిందికి పారుతుంది. యూదు సంప్రదాయంలో బట్ట ఇంటి నుంచి మందిరానికి వెళ్తుంది, తిరిగి ఇంటికి రాదు. అయితే శాస్త్రమే ఒక సందు వదిలింది. వస్త్రాన్ని వాడకంలోకి తేవడానికి ముందే సమాజ పెద్దలు ‘అవసరమైతే వేరే పనికీ వాడతాం’ అని షరతు పెట్టుకోవచ్చు. పెట్టుకోకుండా వాడడం మొదలైతే ఆ దారి మూసుకుపోతుంది.

కుట్టుపనికి ఊపు ఇచ్చిన మాటలు కూడా తాల్ముద్‌లోనే ఉన్నాయి. తోరాను వస్త్రం లేకుండా వట్టి చేతులతో పట్టుకున్నవాడు వస్త్రం లేకుండానే పాతిపెట్టబడతాడని ఒక హెచ్చరిక. ఆజ్ఞను నెరవేరిస్తే సరిపోదు, అందంగా నెరవేర్చాలని ఇంకొక బోధ. మంచి సిరాతో, మంచి కలంతో, నేర్పరి అయిన లేఖకుడితో తోరా రాయించి చక్కటి పట్టుతో చుట్టాలని ఆ బోధ వివరంగా చెబుతుంది. పట్టు వాడడం వైభవ ప్రదర్శన అనుకునేవారికి ఇది జవాబు. అక్కడ పట్టు వాడటం విధిలో భాగం.

పెళ్లి గౌను, పసిగుడ్డ

దిగడం లేదు కాబట్టి, పైకెక్కించే బట్ట ఇచ్చేవారికి అమూల్యమైనదై ఉండాలి. ఒట్టోమన్ సామ్రాజ్యపు యూదు కుటుంబాల్లో పెళ్లికూతురు వేసుకునే ముఖమల్ గౌను మీద జలతారు తీగలు, పూలు దట్టంగా పరుచుకుని ఉండేవి. అటువంటి గౌన్లను విప్పి తెరలుగా, ముసుగులుగా కుట్టి మందిరానికి ఇచ్చేవారు. చాలాసార్లు అది చనిపోయినవారి జ్ఞాపకార్థం జరిగేది. పడక మీద పరిచే జలతారు దుప్పట్లు కూడా తెరలయ్యాయి. మధ్యలో పెద్ద ఆకృతి, నాలుగు మూలలా తీగలు ఉండి, హీబ్రూ అక్షరాలు మాత్రం తర్వాత ఇరికించినట్టు కనిపిస్తే ఆ తెర ఒకప్పుడు ఏమై ఉంటుందో పోల్చుకోవచ్చు.

మామూలు వాడుకలో ఉన్న వస్తువును దేవుడి పనికి పెట్టవచ్చా అన్న చర్చ పండితుల్లో లేకపోలేదు. రూపం మారిస్తే సమ్మతమే అన్నవారికి నిర్గమకాండం 38వ అధ్యాయం ఆధారం దొరికింది. గుడారం దగ్గరి ఇత్తడి గంగాళాన్ని స్త్రీల అద్దాలతోనే చేశారని అక్కడ ఉంది. ముఖం చూసుకునే అద్దం గంగాళం కాగలిగినప్పుడు గౌను తెర ఎందుకు కాకూడదు?

జర్మనీ యూదుల ‘వింపెల్’ ఆచారం ఇంకా హృద్యమైనది. మగపిల్లవాడికి సున్నతి జరిగినప్పుడు చుట్టిన నారగుడ్డను ఉతికి, సాధారణంగా నాలుగు పట్టీలుగా కోసి, కొసకు కొస కలిపి కుట్టేవారు. సుమారు మూడు మీటర్ల పట్టీ తయారయ్యేది. దాని మీద పిల్లవాడి పేరు, తండ్రి పేరు, పుట్టిన తేదీ, చాలావాటిలో రాశి గుర్తు, ఆ తర్వాత ఒక దీవెన ఉండేవి: దేవుడు ఇతన్ని తోరాకు, పెళ్లి పందిరికి, సత్కార్యాలకు ఎదగనిచ్చుగాక. మొదట్లో రంగుపట్టు దారాలతో కుట్టేవారు, పోనుపోను రంగులతో రాయడం పెరిగింది. పిల్లవాడు మొదటిసారి మందిరానికి వచ్చినప్పుడు, చాలాచోట్ల మూడేళ్ల వయసులో, దాన్ని సమర్పించేవారు. అతనికి పదమూడేళ్లు నిండి తోరా చదివే రోజున ఆ చుట్టను ఆ పట్టీతోనే కట్టేవారు.

ఈ ఆచారానికి మూలంగా చెప్పుకునే సంఘటన 1427లో మరణించిన రబ్బీ (యూదు మతగురువు) యాకోవ్ మోల్లిన్‌కు సంబంధించినది. ఒక సున్నతి వేళ పసివాడికి కట్టడానికి గుడ్డ లేకపోయింది. తోరా పట్టీ తీసి కట్టమని ఆయన చెప్పాడు. తర్వాత దాన్ని ఉతికి మందిరానికి తిరిగి ఇవ్వాలని, వాడుకున్నందుకు కొంత సొమ్ము చెల్లించాలని కూడా చెప్పాడు. పవిత్రమైన బట్ట కిందికి దిగింది ఒక ప్రాణం కోసం, అదీ అద్దె కట్టి. వింపెల్ ఆ ప్రయాణాన్ని తిరగేసింది.

చరిత్రకారులకు ఈ పట్టీలు జనన నమోదు పుస్తకాలు. యూదులకు స్థిరమైన ఇంటిపేర్లు ఉండాలని బవేరియా ప్రభుత్వం 1813లో శాసించింది. అంతకుముందు ‘ఫలానావాడి కొడుకు ఫలానా’ అన్నదే గుర్తింపు. ఆ కాలపు పల్లెటూరి యూదుడి పుట్టినరోజు తెలియాలంటే కొన్నిసార్లు మిగిలింది ఈ పట్టీయే.

దారం చెప్పే సంవత్సరం

తెరల మీద తేదీ చదవడం ఒక విద్య. హీబ్రూలో ప్రతి అక్షరానికీ సంఖ్యా విలువ ఉంది. ఒక బైబిలు వాక్యం కుట్టి, అందులో కొన్ని అక్షరాల మీద చుక్కలో చిన్న గుర్తులో పెడతారు. గుర్తున్న అక్షరాల విలువలు కలిపితే సంవత్సరం వస్తుంది. మన శాసనాల్లో శకవర్షాన్ని ‘శశి’, ‘నేత్ర’ వంటి భూతసంఖ్యల్లో దాచినట్టే. యూదు పంచాంగంలో ఇప్పుడు ఆరో సహస్రాబ్ది నడుస్తోంది కాబట్టి వేల స్థానంలోని 5ను సాధారణంగా వదిలేస్తారు. మొత్తం 533 వస్తే 1240 కలపాలి, 1773 వస్తుంది. ఆ సంవత్సరం శరదృతువులో మొదలవుతుంది కాబట్టి మ్యూజియం చీటీ మీద 1772–73 అని జంటగా రాస్తారు. బవేరియాలోని హోష్టాట్‌కు చెందిన యాకోబ్ కోప్పెల్ గాన్స్ కుట్టిన ప్రసిద్ధమైన తెరకు చీటీ మీద ఉన్నది ఈ జంట సంవత్సరమే. మరమ్మతులో ఒక చుక్క రాలిపోయిందంటే తెర వయసే మారిపోతుంది.

తేదీ పక్కనే పేరు ఉంటుంది. స్త్రీల విషయంలో ఆ పేరుకు ప్రత్యేకమైన బరువు ఉంది. ఆనాటి సినగాగులో స్త్రీలు తోరా చదివేవారు కాదు, విడిగా కూర్చునేవారు. తోరాను చుట్టిన గుడ్డ మీద మాత్రం వారి పేర్లు ఉన్నాయి. ఇటలీలో 1582–83లో శామ్యూల్ ఫోవా భార్య హోనొరాతా కుట్టిన పట్టీ మిగిలి ఉంది. వెనిస్‌లో మెనాహెమ్ లేవీ మెషుల్లామీ భార్య సింహా 1680–81లో సీనాయి కొండను, యెరూషలేమును పట్టుదారాలతో తెర మీద నిలిపింది. ఆ తెర ఇప్పుడు న్యూయార్క్‌లోని యూదు మ్యూజియంలో ఉంది. ఇటలీలో ఇళ్లలోని ఆడవాళ్లు సూది పట్టారు. ప్రాగ్‌లో, బవేరియాలో పేరున్న వృత్తి కళాకారులు మగవాళ్లు. ప్రాగ్‌లో ఈ వృత్తి ఇంటిపేరుగా కూడా మారింది: పెర్ల్‌స్టికర్, అంటే ముత్యాల కుట్టుపనివాడు.

గుమ్మం బొమ్మ, జింక గొడవ

ప్రాగ్ తెరల్లో స్థిరపడిన అమరిక ఒకటుంది. మధ్యలో అత్యంత ఖరీదైన గుడ్డముక్క, దానికి ‘అద్దం’ అని పేరు. చాలాసార్లు అది అంతకుముందు ఇంకెక్కడో వాడిన పాత పట్టు. చుట్టూ వేరే గుడ్డతో చట్రం, అటూ ఇటూ రెండు స్తంభాలు, పైన కిరీటం. స్తంభాలు చూడగానే సొలొమోను ఆలయం ముందరి యాకీను, బోయజు అనే స్తంభాలు గుర్తుకు వస్తాయి. ఆ బొమ్మ తెర మీదికి వచ్చిన దారి మాత్రం అచ్చు పుస్తకాలది. హీబ్రూ పుస్తకాల ముఖపత్రం మీద స్తంభాల ద్వారం ముద్రించేవారు. ముఖపత్రానికి హీబ్రూలో మాటే ‘షఆర్’, అంటే గుమ్మం. పుస్తకం తెరిచేచోట ఉన్న గుమ్మం, చుట్ట బయటికి వచ్చేచోట తెర మీద నిలబడింది. ఒట్టోమన్ నేల మీద ఇదే ఆలోచన నమాజు తివాచీల తోరణం రూపు దాల్చింది. యెహోవా గుమ్మం ఇదే, నీతిమంతులు ఇందులో ప్రవేశిస్తారన్న 118వ కీర్తన మాట అటువంటి తివాచీ తెర మీద నేసి ఉంది.

బొమ్మలకు హద్దు లేకపోలేదు. ఇటలీలోని పదువాలో, 15–16 శతాబ్దాల సంధిలో, హెర్ట్స్ అనే సంపన్నుడు తన వంశచిహ్నమైన జింకను ముత్యాలతో ఉబ్బెత్తుగా కుట్టించిన తెర ఇవ్వబోయాడు. రబ్బీ యెహూదా మింజ్ ఒప్పుకోలేదు. ప్రార్థించేవారు జింకకు తల వంచినట్టు ఉండకూడదన్నది పైకి కనిపించే అభ్యంతరం. దాత ఇంటి గుర్తు గ్రంథం ముందు నిలబడటం ఎంతవరకు తగునన్న పెద్ద ప్రశ్న దాని వెనక ఉంది. దాత పేరుకు అభ్యంతరం లేదు, దాత చిహ్నానికి ఉంది. 1592లో ప్రాగ్‌లో మొర్దెకాయి మైజెల్, భార్య ఫ్రూమెత్ తమ పేర మందిరానికి ఇచ్చిన తెర ఈనాటికీ ప్రాగ్ యూదు మ్యూజియం గర్వించే వస్తువుల్లో ఒకటి.

ఇంత ఖరీదు మందిరానికే ఎందుకు చేరింది? ఒక కారణం సమాజం లోపలి కట్టుబాట్లు కావచ్చు. 1418లో ఫొర్లీలో సమావేశమైన ఇటలీ యూదు ప్రతినిధులు దుస్తుల ఆడంబరానికి పరిమితులు విధించారు. ఒంటి మీద వద్దన్న జలతారు తోరా మీద ఉంటే ఎవరూ కాదనరు.

పని తీరు మగ్గం వర్క్ చూసినవారికి కొత్తగా అనిపించదు. గుడ్డను చట్రానికి బిగిస్తారు. పట్టుదారం చుట్టూ బంగారు పూత వెండి రేకు చుట్టిన జలతారును గుడ్డలోంచి గుచ్చి తీయరు, పైన పరిచి సన్నదారంతో అక్కడక్కడా కట్టేస్తారు. అక్షరం ఉబ్బెత్తుగా రావాలంటే అట్టతోనో తోలుపత్రంతోనో అక్షరాన్ని కత్తిరించి గుడ్డ మీద పెట్టి, దాని మీదుగా జలతారును అటూ ఇటూ తిప్పుతారు. చతురస్రంగా, మందమైన గీతలతో ఉండే హీబ్రూ అక్షరానికి ఈ పద్ధతి అచ్చంగా సరిపోయింది. ముడిసరుకులో ఒక ఆంక్ష ఉంది. ఉన్ని, నార కలిపిన బట్ట తొడగకూడదని ద్వితీయోపదేశకాండం చెబుతుంది. గ్రంథాల చుట్టుగుడ్డలకు ఈ నిషేధం వర్తించదని మిష్నాలో అధిక పక్షం తేల్చింది, రబ్బీ ఎలియెజెర్ ఒప్పుకోలేదు. మెత్తటి తెరలకు మాత్రం వర్తింపజేశారు, ఎందుకంటే చలిగా ఉన్నప్పుడు మందిరపు సేవకుడు తెర చాటున ఒళ్లు కాచుకుంటాడు. అప్పుడది దుస్తు అయినట్టే.

ముసుగు అక్కర్లేని చోట

ఇరాక్, ఇరాన్, యెమెన్, మన కొచ్చి యూదుల చుట్టలు గట్టి పెట్టెలో ఉంటాయి. దాన్ని నిలబెట్టి, తెరిచి, అలాగే చదువుతారు. కాబట్టి ఐరోపాలో ముసుగు మీదికి వెళ్లిన సంపద అక్కడ లోహపు పని మీదికి వెళ్లింది. 1568 నాటి కొచ్చి పరదేశి సినగాగులోని తోరా పెట్టెకు 1805లో తిరువాన్కూరు మహారాజు బంగారు కిరీటం బహూకరించాడు.

గెనిజా, మ్యూజియం

పాతబడిన పవిత్ర ఉపకరణాన్ని పారేయకూడదు, దాచాలి. ఆ దాచే చోటును గెనిజా అంటారు, చివరికి మట్టిలో పాతిపెడతారు. అందుకే బాగా వాడిన వస్త్రం మిగలదు. మ్యూజియంలకు చేరినవి ఎక్కువగా పండగలకే తీసినవో, గెనిజాలో ఉండిపోయి భూమిలోకి వెళ్లనివో. 1986లో బవేరియాలోని ఫైట్స్‌హోఖ్‌హైమ్‌లో పాత సినగాగును బాగుచేస్తుండగా అటక మీద బయటపడిన గెనిజాలో కాగితాలతో పాటు వింపెల్ పట్టీలూ దొరికాయి. కనుక మ్యూజియంలో చూసే నమూనా నుంచి ఆనాటి సగటు తెర ఎలా ఉండేదో ఊహించడం పొరపాటు.

ప్రాగ్ సేకరణ కథ వేరు. 1906లో మొదలైన చిన్న యూదు మ్యూజియం, 1942 నుంచి నాజీ ఆక్రమణలో, బొహీమియా, మొరావియాల్లో తుడిచిపెట్టిన 153 సమాజాల వస్తువులు వచ్చిపడే గోదాముగా మారింది. యూదు నిపుణులే ఒక్కో తెరకూ చీటీ రాసి, కొలతలు, శాసనాలు నమోదు చేశారు. వాళ్లలో చాలామందిని తర్వాత నాజీ శిబిరాలకు వెళ్లే రవాణా రైళ్లు ఎక్కించారు. ప్రధాన నిపుణుల్లో యుద్ధం తర్వాత మిగిలి మ్యూజియం పనిని చేపట్టింది హానా వొలావ్‌కోవా. 1950లో మ్యూజియం ప్రభుత్వపరమైంది, 1994లో యూదు సమాజానికి తిరిగి దక్కింది. ఆ ఊళ్ల తోరా చుట్టలు 1,564 మాత్రం 1964లో లండన్ చేరాయి, అక్కడి నుంచి అనేక దేశాల సమాజాలకు అప్పుగా వెళ్లాయి. గ్రంథాలు ఒక దారిన, వాటి దుస్తులు ఇంకో దారిన పోయాయి.

శాస్త్రమూ సంరక్షణా ఇక్కడ ఎదురుపడతాయి. తెర అంటే వేలాడాలి. కానీ జలతారు బరువుకు పాత పట్టు పైనుంచి చీలుతుంది, కనుక దాన్ని పరిచి ఉంచాలి. వెలుతురు 50 లక్స్ (కాంతి తీవ్రతకు కొలత) దాటకూడదు, అదీ కొద్ది నెలలే. సమాజం బతికి ఉన్నచోట కొత్త తెర కుట్టించి, పాతదాన్ని మ్యూజియానికి అప్పుగా ఇచ్చి, అవసరమైతే ముందే షరతు రాసుకుంటారు. కొత్తవి ఇప్పుడు ఎక్కువగా కంప్యూటర్ ఎంబ్రాయిడరీ యంత్రాల మీద తయారవుతున్నాయి. చేతిపని పూర్తిగా పోలేదు. 1950–51లో అమెరికాలోని న్యూజెర్సీ రాష్ట్రం మిల్‌బర్న్ సినగాగుకు చిత్రకారుడు అడాల్ఫ్ గాట్లీబ్ ఆధునిక శైలిలో తెర గీస్తే, దాన్ని కుట్టింది ఆ సమాజపు స్త్రీలే.

సమాజమే మిగలని చోట షరతు పెట్టడానికీ, మార్చడానికీ, పాతిపెట్టడానికీ అధికారం ఎవరిదన్నది తేలదు. చిరిగిన చుట్టుగుడ్డల గురించి తాల్ముద్‌లో మార్ జుత్రా చెప్పిన మాట ఒకటుంది. దిక్కులేని శవానికి వాటితో కఫన్, అంటే శవవస్త్రం, కుట్టవచ్చు, అదే వాటి గెనిజా. ఆ 153 ఊళ్ల మనుషుల్లో చాలామందికి కఫన్ దొరకలేదు. వారి పేర్లున్న గుడ్డలు ప్రాగ్ మ్యూజియంలో ఉన్నాయి.